లారీ మీద తామర

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టిన లారీకి కళ వచ్చేది పెయింటర్ చెయ్యి పడ్డాకే. తామర, గద్ద, పులి, ఆవూదూడా అందరి బొమ్మలే, ఏ బండి మీదైనా కనిపిస్తాయి. వాటి మధ్య ఓనరు తన బతుకుని రాయించుకుంటాడు: క్యాబిన్ నుదుట ఇలవేల్పు, తలుపు మీద ఊరిపేరు, వెనక పిల్లల పేర్లు, ‘అమ్మ దీవెన’. అప్పు చేసి కొన్న బండి మీద కూతురి పేరు పెద్దక్షరాల్లో రాయించుకున్న తండ్రిని చూస్తే నాకు చాలా గౌరవం.

పనితనం తామరరేకులో ఉంది. గులాబీరంగు ఎనామిల్ ఆరకముందే అంచునుంచి తెలుపు లాగాలి. ఆరిందా, రెండు రంగులూ కలవవు. అక్షరాలకైతే సుద్ద పూసిన దారం లాగి వదిలి గీత కొడతారు. ఆ గీతల మధ్య తలకట్లూ, వత్తులూ, గుడులూ ఇరుక్కోకుండా సర్ది, పక్కన నీడ వేసి, వెనకొచ్చే డ్రైవరు దూరం నుంచే చదివేలా నిలపాలి. తెలుగు లిపితో ఇది మామూలు పని కాదు.

అందరికీ తెలిసిన బొమ్మ కళ కావడం మరోచోటా జరిగింది: 1962లో లాస్ ఏంజెలిస్‌లో చిత్రకారుడు యాండీ వార్హోల్ 32 సూప్ డబ్బాల బొమ్మలు ప్రదర్శిస్తే, రోజువారీ సరుకు పాప్ ఆర్ట్ అయింది. మన లారీ పెయింటర్లు అందరి బొమ్మకీ ఒక ఇంటివాళ్ల పేరు జతచేశారు. ఇప్పుడు స్టిక్కర్లు వచ్చాయి, చవక, గంటలో పని అయిపోతుంది. అయినా కుంచెతోనే వేయమని అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు.