తూటా లెక్క

అడవిలో నెలల తరబడి ఉండాల్సిన మనిషి తుపాకిని మూడు పనులు అడుగుతాడు. ఆకలికి ఏదన్నా కొట్టాలి. మీదికొచ్చిన జంతువును ఆపాలి. దారి తప్పితే చప్పుడు చేసి నలుగురినీ పిలవాలి. ఈ మూడూ ఒక్క తుపాకి చెయ్యలేదన్న నమ్మకంలోంచే 'ఏవేవి, ఎన్ని' అన్న వాదం పుట్టింది. పాత షికారీల పుస్తకాల్లో దానికి అంతూ దరీ ఉండదు. దర్శి, కురిచేడు, తాళ్లూరు పొలాల్లో అడవిపందులు కందిచేలో పడ్డప్పుడల్లా అదే వాదం మళ్లీ లేస్తుంది. ఈ వారమూ లేచింది. 'ఒక మంచి తుపాకి ఉంటేనా' దగ్గర మొదలై, ఏది మంచిదన్న దగ్గర తెల్లవారింది.

ముందు వరసలో ఉండాల్సింది నున్నటి గొట్టం తుపాకి, అంటే 12 బోరు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన ఉండలు చేస్తే ఒక ఉండ సరిగ్గా పట్టే గొట్టమది. ఉండ బరువు 38 గ్రాములు, గొట్టం లోపలి కొలత సుమారు 18.5 మిల్లీమీటర్లు. దీని శక్తంతా తూటా మార్చుకోవడంలో ఉంది. సన్న రవ్వల తూటా పిట్టకు, ముతక రవ్వలది పందికి, ఒంటి గుండుది ఎలుగుకు. జంట గొట్టాలుంటే ఒకదాంట్లో రవ్వలు, రెండోదాంట్లో గుండు పెట్టుకుని నడవొచ్చు. దూరం పోదన్నది దీనిమీద పాత ఫిర్యాదు. రవ్వలు 40 గజాలు దాటితే చెదిరిపోతాయి, ఒంటి గుండుకైనా 80 గజాల తర్వాత గురి నిలవదు. నిజమే. కానీ నాలుగు వానలు పడి గడ్డీ పొదా లేచాక నల్లమలలో 40 గజాల అవతల నిలబడ్డది కంటికి ఆనితే అదృష్టమే. కనపడని దూరానికి తుపాకి ఎందుకు?

రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు తిరుగుతూ పోతుంది కనక గురి దూరం నిలుస్తుంది. మన దేశంలో లైసెన్సుదారుకు ఎక్కువగా తెలిసిన రైఫిల్ ఈషాపూర్ ఫ్యాక్టరీ పాయింట్ 315. దాని గుండు 16 గ్రాములకు దగ్గర, 150 గజాల మీద నమ్మకంగా పని చేస్తుంది. పాయింట్ 22 చిన్నది. కుందేలుకూ కౌజుకూ సరిపోతుంది, పందిని గాయపరచి వదలడం తప్ప దానితో చేయగలిగింది లేదు. రెంటికీ ఒకే చిక్కుంది. తప్పిన గుండు ఆగదు. పాయింట్ 22 గుండు సైతం కిలోమీటరు దాటి పోతుంది. నాగార్జునసాగర్ కుడికాలువ చివరి భూముల వంటి చదునైన నేలలో, మంచె మీద ఒకరు, మిరప కల్లం దగ్గర ఒకరు పడుకునే చోట, రాత్రిపూట రైఫిల్ పేల్చడం నేరమనే అనాలి.

షికారీ కథలు చదివి పెరిగినవారికి ఈ మాట రుచించదు. కెన్నెత్ ఆండర్సన్ చేతిలో పాయింట్ 405 వించెస్టర్, జిమ్ కార్బెట్ చేతిలో పాయింట్ 275 రిగ్బీ వాళ్ల మనసులో నిలిచిపోయాయి. నల్లమల రైలుదారి వెంట తిరిగిన పులి గురించి ఆండర్సన్ రాసిందైతే ఈ వైపువాళ్లు సొంత ఊరి కథలా చెప్పుకుంటారు. ఆ రైఫిళ్ల గొప్పతనాన్ని కాదనే పని లేదు. కానీ ఆ వించెస్టర్ తూటా అమెరికాది. ఓడ రాకపోతే తూటా లేదు.

ఇక్కడే ఈ శీర్షిక పాత పాట మళ్లీ ఎత్తుకోవాల్సి వస్తోంది. మోటార్ల గురించి రాసినా, నూర్పిడి యంత్రాల గురించి రాసినా చెప్పిందొకటే: ఎద్దును కొనేవాడు ముందు వామిలో మేత చూసుకోవాలి. తుపాకికి మేత తూటా. 12 బోరు తూటాలు 100 మోస్తే దాదాపు 5 కిలోలు. పాయింట్ 315వి 100 అయితే 3 కిలోలకు కాస్త అటూ ఇటూ. పాయింట్ 22వి 350 గ్రాములు. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పట్టదు. మూడు తుపాకులు తీసుకెళ్లినవాడు మూడు పెట్టెలు మోస్తాడు, ఒక పెట్టె ఖాళీ అయితే మిగిలిన రెండూ ఆ లోటు తీర్చలేవు. పైగా కాగితపు గొట్టంతో చేసిన 12 బోరు తూటా వానాకాలంలో ఉబ్బి గొట్టంలోకి దిగనే దిగదు.

కొద్ది తుపాకులతో అడవిలో దీర్ఘకాలం నిలవడం ఎలా ఉంటుందో తెలుగునేల మీద చూపించినవాళ్లు షికారీలు కారు, మన్యం వీరులు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మూడు రోజుల్లో చేతికొచ్చినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. తీసుకున్న వాటిని స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడన్నది అందరికీ తెలిసిన కథే. ఆ సంతకం కన్నా ఆలోచించాల్సింది తూటాల అంకె. 26తో భాగిస్తే తుపాకికి సుమారు వంద. ఒక సర్కారుతో తలపడే దళానికి అది ఎన్నాళ్లు వస్తుంది?

దళం నడిచిన తీరు ఆ అంకెలోంచే అర్థమవుతుంది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల మీదే కాల్పులు జరిపారు. సాటివాళ్లను చంపకూడదన్నది రాజు నియమం. ఆ నియమం తూటాలనూ మిగిల్చింది. విల్లంబులను వాళ్లు తుపాకి రాగానే అవతల పారేయలేదు. బాణానికి మేత అడవిలోనే ఉంది: వెదురు, నార, ఈక, కొలిమిలో సాగదీసిన ఇనప ముక్క. చప్పుడూ చెయ్యదు, పొగా రాదు.

సర్కారుకూ ఆ లెక్క తెలుసు. అక్టోబరులో దళం అడ్డతీగల వెళ్లేసరికి స్టేషన్లో తుపాకులు లేవు, రంపచోడవరంలోనూ లేవు. ముందే తప్పించేశారు. మేత దొరికే చోటు మూసేశారన్నమాట. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర దళం గట్టిగా దెబ్బతింది. ఆ తర్వాత కూడా 1924 మే 7న రాజును కాల్చి చంపేదాకా ఆ పోరు నిలిచిందంటే, నిలిపింది 26 తుపాకులు కావు. దారులు తెలిసిన కాళ్లు, అన్నం పెట్టిన గూడేలు. తుపాకులే నిలబెట్టాయని రాసేవాళ్లు ఆ గూడేలకు అన్యాయం చేస్తున్నారు.

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకు ముందు మూడుండేవి. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. నల్లమలకు వస్తే ఈ రెండు కూడా పనికిరావు. దర్శి నుంచి పడమరగా పొదిలి, మార్కాపురం దాటి దోర్నాల చేరితే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మొదలవుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టకూడదు. దాని చుట్టూ 10 కిలోమీటర్లలో కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా ఆయన ఒప్పుకోవాలి. ఇది మంచి చట్టం. ఆ అడవిలో ఇంకా పులి ఉందంటే ఇలాంటి నిషేధాల వల్లే.

ఆ అడవిలో నెలల తరబడి ఉండేవాళ్లు లేరా అంటే ఉన్నారు. పెంటలనే తమ గూడేల్లో చెంచులు, అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగే చెంచు యువకులు. వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది కర్ర, గొడ్డలి. 1943లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చెంచుల మీద పుస్తకం రాసేనాటికి విల్లు వాళ్ల భుజం దిగలేదు. అక్కడ పులి కన్నా భయపడాల్సింది ఎలుగుకు. దానికి చూపు తక్కువ. పొదలో తలవంచి పుట్ట తవ్వుకుంటూ మనిషి పక్కకు వచ్చేదాకా గమనించదు, గమనించాక ఆగదు. ఆ నాలుగడుగుల దూరంలో భుజాన వేలాడే తుపాకి చేతిలోకి వచ్చేలోపే ముఖం చీరుకుపోతుంది. చెంచు పద్ధతి వేరు: మాట్లాడుకుంటూ, కర్ర తాటిస్తూ నడవడం. మనిషి వస్తున్నట్టు తెలిస్తే ఎలుగు చాలాసార్లు తనే తప్పుకుంటుంది. అడవిలోపల ఉండటానికి సరైన తుపాకుల సంఖ్య సున్న.

అడవి అంచున పంట కాపాడుకునే రైతుకు సున్న చాలదు. అతనికి ఒకటి కావాలి, అదీ అందరూ పాతబడిందని పక్కన పెట్టినదే: మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకి. ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట రక్షణకు దీన్ని పేరుపెట్టి మరీ ఒప్పుకుంది. గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకిని ఆత్మరక్షణ, క్రీడల కింద చెప్పి, పంటకు ముందుగా దీన్నే రాసింది. ఒకసారి పేలితే మళ్లీ దట్టించడానికి నిమిషం పడుతుంది. వేటగాడికి అది లోపం, కాపలావాడికి కాదు. అన్నిటికన్నా పెద్ద గుణం, రవ్వలు వెయ్యకుండా వట్టి మందు పేల్చినా పంది పారిపోతుంది. ఊళ్లో ఎవరికీ ఏమీ కాదు. చేను చుట్టూ పాత చీరలు కట్టి, కుక్కను పెట్టి, పందులు ఆ రంగులకు అలవాటుపడ్డ రోజున ఒక చప్పుడు చేస్తే చాలు. పందిని చంపాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి ముందు చేతిలో ఉండాలి. కంచెకు కరెంటు తీగ చుట్టేవాళ్లతో వాదం అనవసరం. ఆ తీగ పందినీ, పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చిన కూలీనీ వేరు చెయ్యదు.

ఈ తుపాకిలో పేల్చే తుపాకిమందు మసి తేమ పీల్చుకుంటుంది, ఒక్క రాత్రి వదిలేసినా గొట్టంలో తుప్పు మొదలవుతుంది. పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డ తిప్పాలి. దట్టించిన తుపాకిని ఇంట్లోకి తేకూడదు. మందును పొయ్యికి దూరంగా, మూత బిగించి, పిల్లలకందని చోట పెట్టాలి. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకోవాలి, తిరిగి తెచ్చుకునేటప్పుడు అక్కడే గొట్టంలోకి వెలుతురు పెట్టి చూసుకోవాలి.