ఇల్లు నిలబెట్టే పద్దు

దినపత్రికల్లో చిన్న అక్షరాలతో అచ్చయ్యే స్వాధీన ప్రకటనల్ని నేను వదలకుండా చదువుతాను. రుణగ్రహీత పేరు, హామీదారు పేరు, బాకీ ఎంత, ఆ తర్వాత ఆస్తి హద్దులు. తూర్పున రోడ్డు, పడమర ఫలానా వారి ఇల్లు అని రాసిన ఆ నాలుగు దిక్కుల మధ్య ఒక కుటుంబం పాలు పొంగించుకుని గృహప్రవేశం చేసి ఉంటుంది. బ్యాంకులో గృహరుణాల పని చూసినన్నాళ్లూ అలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఉద్యోగం అయిపోయాక ఇప్పుడు తెలిసినవాళ్లే నోటీసు పట్టుకుని ఇంటికొస్తున్నారు. వాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒకటే: ముందు అప్పులన్నీ ఒక కాగితం మీద రాద్దాం.

ఈ పని చాలా ఇళ్లలో అంతకుముందు ఎప్పుడూ జరిగి ఉండదు. గృహరుణం లెక్క భర్తకు తెలుసు. బంగారం తాకట్టు సంగతి భార్యకు తెలుసు. పాడేసుకున్న చిట్టీ, బావమరిది దగ్గర తెచ్చిన చేబదులు, కొడుకు క్రెడిట్ కార్డు ఒక్కొక్కటీ ఒక్కొక్కరి మనసులో దాగి ఉంటాయి. అన్నీ ఒకచోట కూడేసరికి ఎవరికీ మాట పెగలదు. ఆ కాసేపు నేనూ మాట్లాడను. ఆ కుటుంబం తన అప్పు మొత్తాన్ని మొదటిసారి చూస్తున్నది అప్పుడే. దారి కూడా అక్కడే మొదలవుతుంది.

కాగితం మీద నాలుగు గడులు చాలు: ఎవరికి, ఇంకా ఎంత, నెలకు ఎంత, వడ్డీ ఏడాదికి ఎంత శాతం. నాలుగో గడి దగ్గర చాలామంది ఆగిపోతారు. బ్యాంకు ఏడాదికి ఎనిమిదిన్నర శాతం అంటుంది. ఊళ్లో అప్పిచ్చినాయన రెండు రూపాయల వడ్డీ అంటాడు. అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. క్రెడిట్ కార్డులో కనీస మొత్తం మాత్రం కట్టి మిగతాది తోసుకుంటూ పోతే చాలా కార్డుల్లో నెలకు మూడు శాతం పైనే పడుతుంది. ఇంటి కిస్తీ తప్పకూడదని రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినవాళ్లు ఎందరో. ఎనిమిదిన్నర శాతం అప్పు కట్టడానికి 24 శాతం అప్పు తెస్తున్నామని ఆ నాలుగో గడి నింపాకే వాళ్లకు తెలిసింది.

తర్వాత వరస పెట్టాలి. జీతం పడగానే మొదట కట్టాల్సింది ఇంటి కిస్తీ, ఎందుకంటే తాకట్టులో ఉన్నది మీరు తలదాచుకుంటున్న ఇల్లు. అన్ని కిస్తీలూ పోగా ఏమైనా మిగిలితే అది పోవాల్సింది అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు. మామూలుగా జరిగేది ఇందుకు తలకిందులు. చేబదులిచ్చినాయన గుమ్మం ముందుకొచ్చి నలుగురిలో అడుగుతాడు. యాప్‌లో అప్పిచ్చినవాళ్లు పొద్దస్తమానం ఫోన్ చేస్తారు. బ్యాంకు మొదటి నెల ఒక మెసేజ్ పంపి ఊరుకుంటుంది. పరువు పోతుందని గొంతు పెద్దదున్న అప్పును ముందు తీరుస్తారు. గొంతెత్తని అప్పు ఇంటి మీదికి వస్తుంది.

గృహరుణాల్లో చాలావాటికి వడ్డీ, రిజర్వ్ బ్యాంకు నిర్ణయించే రెపో రేటును బట్టి మారుతూ ఉంటుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వ్ బ్యాంకు ఆ రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. 2021లో 6.7 శాతం వడ్డీతో 30 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే కిస్తీ సుమారు 22,700 రూపాయలు. ఆ రెండున్నర శాతం పూర్తిగా మీద పడితే వడ్డీ 9.2 అవుతుంది. అప్పటికి బాకీ 29 లక్షలు ఉంటే ఒక్క నెల వడ్డీయే 22,200 దాటుతుంది. కిస్తీ మారలేదు కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు అసలులో తరిగేది నెలకు ఐదొందల లోపే! గడువు మాత్రం పదవీ విరమణ దాటి సాగిపోతుంది. ఇలాంటప్పుడు కిస్తీ పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా, రెండూ కలపడమా అన్నది రుణగ్రహీతే ఎంచుకునేలా చూడాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. అడిగే హక్కు ఉంది, అడగండి. వడ్డీ తగ్గిన రోజుల్లో పాత కిస్తీనే కట్టుకుంటూ పోండి, అసలు త్వరగా కరుగుతుంది. మారే వడ్డీ మీద సొంత పేరున తీసుకున్న గృహరుణానికి ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు.

బడ్జెట్ అనగానే కూరగాయల ఖర్చు దగ్గర మొదలుపెడతారు. నా అనుభవంలో ఇంటి లెక్కను తలకిందులు చేసేది ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. జూన్‌లో స్కూలు ఫీజులు, ఇంటిపన్ను, బీమా ప్రీమియం, దసరా, సంక్రాంతి, దగ్గరివాళ్ల పెళ్లికి పెట్టుపోతలు. వచ్చేవని ముందే తెలిసినా ప్రతిసారీ అప్పు తెచ్చే గడుపుతారు. వీటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేయండి. దాని పక్కనే కనీసం మూడు నెలల ఇంటి కిస్తీలకు సరిపడా నిల్వ చేరాలి. ఉద్యోగం పోయినా, ఆస్పత్రి పాలైనా ఆలోచించుకోవడానికి ఆ డబ్బు మనకు మూడు నెలల వ్యవధి ఇస్తుంది.

మూడు నెలలు అనడానికి కారణం ఉంది. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. ఆ తర్వాత ఒకటి రెండు కిస్తీలు కడితే చాలదు, బకాయి మొత్తం తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలవుతుంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. మొదట 60 రోజుల్లో బాకీ అంతా కట్టమని నోటీసు వస్తుంది. దాని మీద అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటితే తలుపు మీద స్వాధీన నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటన వేస్తారు. దాని మీద 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఈ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. ఖర్చులతో సహా మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు మాత్రం, 2016 సవరణ తర్వాత, వేలం ప్రకటన వెలువడే దాకానే.

నోటీసు అందుకున్నవాళ్లలో చాలామంది కవరు కూడా విప్పరు. మేనేజరు ముఖం చూడలేక బ్యాంకు ఉన్న వీధికే వెళ్లడం మానేస్తారు. బల్లకు అవతల కూర్చున్నవాడిగా చెబుతున్నాను: మొదటి కిస్తీ తప్పబోతోందని తెలిసిన రోజునే వెళ్లి, కారణం రాసి, కాగితం మీద అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నవారికి చేయగలిగింది ఎక్కువ. గడువు పొడిగించడం గానీ కిస్తీలు సర్దుబాటు చేయడం గానీ ఖాతా మామూలుగా ఉన్నప్పుడే తేలిక. ఒప్పుకుని తీరాలని బ్యాంకుకు నిర్బంధం లేదు, నిజమే. అడగనివారికి మాత్రం ఆ అవకాశం కూడా ఉండదు.

ఎంత లెక్క వేసినా జీతానికీ కిస్తీకీ పొంతన కుదరని ఇళ్లు కొన్ని ఉంటాయి. వాళ్లకు చెప్పడానికి నాకు మనసొప్పదు, అయినా చెబుతాను: వేలం దాకా పోనివ్వకుండా, బ్యాంకుకు చెప్పి మీరే అమ్ముకోండి. మీరు కుదుర్చుకున్న బేరానికీ వేలంలో పలికిన ధరకూ మధ్య తేడా మీ పిల్లల చదువంత ఉండొచ్చు. బాకీ తీరగా మిగిలిన సొమ్ముతో అద్దె ఇంట్లో తలెత్తుకుని బతకవచ్చు.

ఈ నెల జీతం పడ్డాక ఒక సాయంత్రం ఇంట్లోవాళ్లంతా కలిసి కూర్చోండి. బ్యాంకు నుంచి రుణ స్టేట్‌మెంట్ తెప్పించి, మిగిలిన బాకీ ఎంతో, వడ్డీ ఎంతో, గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. ఎవరి అప్పు వాళ్లు బయటపెట్టండి, ఎవరూ ఎవరినీ నిందించవద్దు. ఎదిగిన పిల్లలుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. అప్పు లెక్క అందరికీ తెలిసిన ఇంట్లో కిస్తీ మోసే భారం ఒక్కరిది కాదు. పత్రికలో ప్రకటన పడేదాకా వచ్చిన ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది ఒక్కరే ఒంటరిగా మోసిన భారాన్ని.