పెరటి గాబులో కలువ

కలువ పెంచాలనుకునేవాళ్లు రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది పువ్వు విచ్చుకునే వేళ. మన చెరువుల్లోని తెల్లకలువ, ఎర్రకలువ పొద్దుగూకాక విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేదాకా ఉండి ముడుచుకుంటాయి. నీలికలువ పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నం దాటాక మూసుకుంటుంది. పగలంతా ఆఫీసులో ఉండేవాళ్లు పగటి రకం తెచ్చుకుంటే, సెలవు రోజున తప్ప పువ్వును చూడలేరు. వాళ్లింటికి రాత్రి కలువే తగినది.

సిమెంటు గాబైనా, పాత గోలెమైనా, చిన్న కొలనైనా అయిదారు గంటల ఎండ పడేచోట ఉండాలి. ఇక అసలు విషయం మట్టి. నర్సరీల్లో అమ్మే కొబ్బరిపొట్టు మిశ్రమం నీళ్లలో తేలిపోతుంది, కుళ్లి వాసన కొడుతుంది. కలువకు కావలసింది చెరువు పూడికలో దొరికే బరువైన బంకమట్టి. వెడల్పాటి కుండీ అడుగున బాగా చివికిన పశువుల ఎరువు కాస్త వేసి, పైన బంకమట్టి నింపి, దుంప నాటాక రెండు వేళ్ల మందం ఇసుక పరచాలి. నాటుకలువ దుంపను కుండీ మధ్యలో, మొలక ఇసుకపైకి కనిపించేలా నిలబెట్టాలి. చలిదేశాల సంకరరకాల దుంప అల్లంకొమ్ములా అడ్డంగా పాకుతుంది కాబట్టి దాన్ని అంచున పెట్టి, మొలకను మధ్యకు తిప్పాలి.

ఆ రంగురంగుల సంకరరకాలకు పేరు తెచ్చినవాడు ఫ్రాన్సులో 1875లో నర్సరీ పెట్టిన లాటూర్-మార్లియాక్. 1889 పారిస్ ప్రదర్శనలో ఆయన కలువలు అందరి కళ్లనూ కట్టిపడేశాయి. చిత్రకారుడు క్లోద్ మోనే జివెర్నీలోని తన కొలనుకు ఆ నర్సరీ మొక్కలే తెప్పించుకున్నాడు. వాటి అందం గొప్పదే. కానీ వేసవిలో చెరువు ఎండిపోతే మట్టిలో దుంపగా దాగి, వానలు పడగానే మళ్లీ ఆకు వేసే మన కలువ మొండితనం నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది.

కొత్తగా నాటిన కుండీని ఇటుకల మీద పెట్టి, పైన నాలుగు వేళ్ల నీళ్లుంటే చాలు. ఆకులు సాగేకొద్దీ ఇటుకలు తీసేస్తూ జానెడు నుంచి మూరెడు లోతుకు దించవచ్చు. ఫౌంటెన్ మాత్రం వద్దు. కలువాకు గాలి పీల్చుకునేది పైభాగంతోనే. అక్కడ ఎప్పుడూ నీళ్లు పడుతుంటే ఆకు పాడవుతుంది.

మొదటి వారాల్లో నీళ్లు పచ్చబడతాయి. చాలామంది కంగారుపడి మొత్తం పారబోసి కొత్తవి నింపుతారు, నాచు మళ్లీ మొదలవుతుంది. ఓపిక పట్టాలి. ఆకులు నీటిని సగానికి పైగా కప్పేస్తే ఎండ అందక నాచే తగ్గుతుంది. ఎరువును నీళ్లలో చల్లకుండా కాగితంలో పొట్లం కట్టి మట్టిలోకి గుచ్చాలి. దోమపిల్లల సంగతి నాలుగు గప్పీ చేపలు చూసుకుంటాయి. పేనుబంక పట్టిందని మందు కొడితే ఆ చేపలే చస్తాయి. ఆకును నీళ్లలో ముంచి కడిగితే పురుగు ఊడిపోతుంది, చేపలకు మేతవుతుంది.

ఇంత శ్రమకు దక్కే అసలు వేడుక పువ్వు తొలిరోజున ఉంటుంది. వంగి చూస్తే నడిమధ్య గిన్నెలో ద్రవం నిండి ఉంటుంది. మరో పువ్వు పుప్పొడి మోసుకొచ్చిన పురుగు అందులో జారిపడితే, ఆ పుప్పొడి కడుక్కుపోయి కీలాగ్రానికి చేరుతుంది. ఒక్కోసారి పురుగు ప్రాణమే పోతుంది. మర్నాటికి ద్రవం ఉండదు. అప్పుడు కేసరాలు పుప్పొడి రాలుస్తాయి. మూడు నాలుగు రోజులకు పువ్వు వాడి, కాడ నీళ్లలోకి వంగిపోతుంది. కాయ ముదిరేది నీటి కిందే.

ఏడాదికోసారి మట్టి మార్చేటప్పుడు పిల్లదుంపలు దొరుకుతాయి. ఇరుగుపొరుగుకు పంచండి. సంకరరకాల దుంపల్నీ, మిగిలిన గప్పీలనూ మాత్రం ఊరి చెరువులో వదలకండి. అక్కడి నాటుకలువలకూ, చిన్నచేపలకూ అవి పోటీ అవుతాయి.