ఇద్దరు షావుకార్లు, ఒకే రైలుమార్గం

కెనడాను పసిఫిక్ తీరం దాకా కలిపిన కెనడియన్ పసిఫిక్ రైల్వే కథలో హ్యూ అలన్‌ను దోషిగా, జార్జ్ స్టీఫెన్‌ను మహనీయుడిగా చూపడం ఆనవాయితీ. నాకు ఇది సగమే సమ్మతం.

ఇద్దరూ స్కాట్లండ్ నుంచి మాంట్రియల్ చేరినవాళ్లే. అలన్ ఓడలతో, స్టీఫెన్ బట్టల వర్తకంతో ఎదిగారు. స్టీఫెన్ 1876లో బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ అధ్యక్షుడయ్యాడు.

అలన్ దారి అడ్డదారి. 1872 ఎన్నికల్లో ప్రధాని మెక్‌డొనాల్డ్ పక్షానికి మూడున్నర లక్షల డాలర్లకు పైగా ధారపోశాడు. అమెరికా పెట్టుబడిదారులను వదిలేశానంటూనే వాళ్లతో సంబంధం నడిపాడు. ప్రభుత్వం నుంచి 3 కోట్ల డాలర్లు, 5 కోట్ల ఎకరాలు వచ్చే రైలు నిర్మాణ ఒప్పందం చేతికందింది. ఇంతలో అతని వకీలు జాన్ అబాట్ ఆఫీసులోని, ఈ బేరం గుట్టు విప్పే కాగితాలు చోరీ అయి పత్రికలకెక్కాయి. 1873 నవంబరులో మెక్‌డొనాల్డ్ రాజీనామా చేయక తప్పలేదు.

అదే పనికి 1881లో స్టీఫెన్ బృందానికి దక్కింది రెండున్నర కోట్ల డాలర్లు, రెండున్నర కోట్ల ఎకరాలు. అది చాలలేదు. 1884లో ప్రభుత్వం ఇంకో 2 కోట్ల 25 లక్షల డాలర్లు అప్పిచ్చినా గండం గడవలేదు. అప్పుడు స్టీఫెన్, అతని బంధువు డొనాల్డ్ స్మిత్ సొంత ఆస్తులు తాకట్టుకు పెట్టారు. స్టీఫెన్ మీద నాకు గౌరవం కలిగేది ఇక్కడే. అలన్ ఇతరుల అధికారాన్ని కొనబోయాడు, స్టీఫెన్ తన ఇంటినే ఒడ్డాడు.

అయినా కంపెనీని గట్టెక్కించింది ఆ తెగువ ఒక్కటే కాదు. 1885లో లూయీ రియెల్ నాయకత్వంలో మేటీలు (ఆదివాసీ, ఐరోపా మూలాలు కలిసిన జనం) తమ భూముల కోసం తిరగబడితే, వాళ్లను అణచడానికి సైన్యం ఇంకా పూర్తికాని ఆ పట్టాల మీదే కదిలింది. రైలు అవసరం దేశానికి అప్పుడు తెలిసొచ్చింది, పార్లమెంటు మళ్లీ డబ్బిచ్చింది. నవంబరు 7న స్మిత్ చివరి మేకు కొట్టాడు, 16న రియెల్‌ను ఉరితీశారు. స్టీఫెన్ జీవితం రాసేవాళ్లు ఈ రెండు తేదీలనూ ఒకే పేజీలో చెప్పాలి.

స్టీఫెన్ కంపెనీకి న్యాయవాదిగా పనిచేసిందీ ఆ అబాటే, 1891లో ప్రధాని అయిందీ అతనే. అలన్ కుంభకోణం ఆ వ్యాపార, రాజకీయ వర్గాన్ని తుడిచిపెట్టలేదు.

వ్యక్తిగా స్టీఫెన్‌కే నా ఓటు. కానీ ఇద్దరూ ఆశించింది మేటీలు, క్రీ, బ్లాక్‌ఫుట్ ఆదివాసులు బతికిన నేలనే. ఆ లెక్కలో ఇద్దరికీ తేడా లేదు.