బండికో ఇల్లు

ఎన్టీఆర్ 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథం చేసుకుని, అందులోనే పడుకుంటూ రాష్ట్రమంతా తిరిగారు. నాచారంలో స్టూడియోనే కట్టిన మనిషికి బండి నిలిపే చోటు ఓ లెక్కా? అంబర్‌పేట్‌లో ఉండే మా బావమరిదికి మాత్రం పెద్ద లెక్కే.

పెద్ద ఫోర్స్ ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, మంచాలు, పొయ్యి పెట్టించి అరకు, హంపి తిరగాలని వాడి సరదా. బండి ఖర్చు పేజీలకు పేజీలు రాశాడు. షెడ్డు దగ్గర ఒక్క ముక్క: ‘రేకులు’.

బండి పొడవు దాదాపు 23 అడుగులు. పక్క తలుపు తీయాలి, చుట్టూ మనిషి తిరగాలి. 30 బై 14 అనుకుందాం. 420 చదరపు అడుగులు, అంటే సుమారు 47 గజాలు. అంబర్‌పేట్ గల్లీల్లో అంత జాగాలో ఓ సంసారం సాగుతుంది. 75 గజాల లోపైతే పైన ఒక అంతస్తు దాకా అనుమతి లేకుండానే కట్టుకోమంది 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం. అలాంటి చోట బండిని పడుకోబెట్టడం నాకైతే సహించదు. పోనీ అపార్ట్‌మెంట్ కిందా? కప్పు మీద ఏసీ, క్యారియర్ బిగిస్తే బండి పదడుగులకు చేరుతుంది. బీముకు తగలడం ఖాయం.

ఇక మిగిలింది ఉప్పల్, నాచారం వైపు ఖాళీ ప్లాటు అద్దెకు తీసుకోవడం. అక్కడి వెల్డింగ్ మేస్త్రీ టేపు తీయకుండానే అన్నాడు: “బండి ఎత్తు తర్వాత సార్, ముందుగాల గల్లీల కరెంటు వైరు ఎంత కిందికుందో చూడుండ్రి.”

ఇనుము కిలోల్లో, రేకు చదరపు అడుగుల్లో మాట్లాడుకోవాలి. మొత్తం గుత్తకిస్తే పైపు మందం తగ్గిపోతుంది. కాంటా చిట్టీ అడిగి తీసుకోవాల్సిందే. గేటు పదకొండు అడుగులు, నేల వాన నీళ్లకు అందనంత ఎత్తు. నెలల తరబడి కదలని బండి బరువంతా టైర్ల కిందే పడుతుంది కనుక సిమెంటు అక్కడ మందంగా పోయించాలి, తక్కిన చోట మొరం చాలు. ఎలుకలు దూరే సందులకు జాలీ. (లేకపోతే బండి వైర్లు కొరికేస్తాయి.)

స్థలం మనది కాదు కాబట్టి స్తంభాలకు వెల్డింగ్ వద్దు, బోల్టులే బిగించమన్నాను. ఖాళీ చేసిన రోజు విప్పుకుని పోవచ్చు. ఓనరేమో పదకొండు నెలల అగ్రిమెంటే అంటున్నాడు. కనీసం మూడేళ్లకు ఒప్పుకోకపోతే షెడ్డు ఖర్చు గిట్టదు. ఆ మాట తేలేదాకా షోరూములో అడ్వాన్సు కట్టొద్దని బావమరిదికి గట్టిగా చెప్పాను.