కారు కింద పడుకుంటే కనిపించేది

విజయవాడ ఆటోనగర్‌లో ముందు చక్రాల పని తప్ప ఇంకోటి ముట్టుకోని మేస్త్రీలుంటారు. బండి తీసుకెళ్తే బానెట్ ఎత్తరు, ముందు ఓ ప్రశ్న వేస్తారు. “చప్పుడు ఎప్పుడొస్తోంది సార్? గుంతలో పడ్డప్పుడా, బ్రేకేసినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా?” జవాబు సరిగ్గా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఈ పని నేర్చుకోవడానికి మారుతి 800ను మించిన బండి లేదంటాను. 1983 డిసెంబరులో మొదటి కారు కొన్నవారి చేతికి వచ్చింది, 2014లో తయారీ ఆగింది. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి రోడ్డు మీద ఏముందో, చక్రానికి ఏమైందో నేరుగా అరచేతులకే తెలిసిపోయేది.

స్టీరింగ్ కడ్డీ చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది తిరిగితే పళ్లున్న అడ్డకడ్డీ, అంటే రాక్, అటో ఇటో జరుగుతుంది. రాక్‌కి రెండువైపులా ఉన్న టై రాడ్లు చక్రాన్ని మోసే నకిల్‌ని లాగుతాయి, తోస్తాయి. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలో తిరుగుతుంది కనుక బయటి దానికన్నా ఎక్కువ తిరగాలి. నకిల్ చేతులు ఏటవాలుగా ఉండేది అందుకే. ఈ ఉపాయం కార్లకన్నా పాతది, గుర్రపు బండ్ల నాటిది. కనిపెట్టింది మ్యూనిచ్‌లో బగ్గీలు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్. 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది ఆకెర్‌మాన్. ఇప్పటికీ అందరూ ఆకెర్‌మాన్ పేరే చెబుతారు. కష్టం ఒకరిది, పేరొకరిది!

సస్పెన్షన్ దగ్గర చాలామంది పొరబడేది షాకబ్జర్ విషయంలో. బరువు మోసేది స్ప్రింగు, షాకబ్జర్ కాదు. గుంతలో పడి లేచిన స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. లోపలి నూనెని సన్నటి రంధ్రాల గుండా తోసి, ఆ ఊపుని వేడిగా మార్చి చల్లార్చడమే షాకబ్జర్ పని. అది చచ్చిపోతే టైరు రోడ్డుమీద ఎగిరెగిరి పడుతూ అక్కడక్కడ గుంటలుగా అరుగుతుంది. మేస్త్రీ టైరుని చేత్తో తడిమి చూసేది దీనికే. చెయ్యి ఒకవైపు జారినప్పుడు నున్నగా, వెనక్కి వస్తే రంపంలా తగిలితే తప్పు అలైన్‌మెంట్‌ది.

మారుతి 800లో ఒక పొదుపు ఉంది. మలుపుల్లో బండి పక్కకి వాలకుండా ఆపే స్టెబిలైజర్ బారే, చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరగకుండా కూడా పట్టుకుంటుంది. ఒకే కడ్డీకి రెండు ఉద్యోగాలు. దాని రబ్బరు బుష్షులు ఒకవైపు అరిగితే బ్రేకేసినప్పుడు ఆవైపు చక్రం కాస్త వెనక్కి జరిగి బండి ఓ పక్కకి లాగుతుంది. ఓనరు మాత్రం బ్రేకులు బాగుచేయించుకుంటూ తిరుగుతుంటాడు. ఈ పనిలో తిరకాసంతా ఇదే: తెగులొకచోట, బయటపడేది ఇంకొకచోట.

కాబట్టి జాకీ ఎక్కించి చేత్తో చూడాలి. చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపితే ఆట, అంటే వదులు, కనిపించిందా, టై రాడ్ ఎండుని అనుమానించాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందా, అది బేరింగైనా కావచ్చు, లోయర్ ఆర్మ్‌ని నకిల్‌కి కలిపే బాల్ జాయింటైనా కావచ్చు. అప్పుడు కుర్రాణ్ణి “బ్రేకు తొక్కరా” అంటాడు మేస్త్రీ. తొక్కగానే ఆట పోతే బేరింగు. పోకపోతే బాల్ జాయింటు. మీటరు లేదు, కంప్యూటరు లేదు. ఇంత తేలికైన తెలివి చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

టై రాడ్ ఎండుని విప్పడం కూడా చూడదగ్గదే. దాని పిన్ను చివరికి సన్నబడుతూ నకిల్ కన్నంలో బిర్రుగా దిగి ఉంటుంది. కొత్తవాడు పిన్ను మీదే బాది మరలు పాడుచేస్తాడు. తెలిసినవాడు నట్టుని వదులుచేసి పూర్తిగా తియ్యకుండా ఉంచుతాడు. కన్నం ఉన్న ఇనుప తలకి ఒకవైపు బరువైన సుత్తి ఆనించి, రెండోవైపు ఇంకో సుత్తితో కొడతాడు. ఆ దెబ్బకి కన్నం ఓ క్షణం అదిరి పిన్నుని వదిలేస్తుంది. ఎండుని ఊడదీసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, కొత్తది అన్నే చుట్లు బిగిస్తాడు. అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్లాలంటే ఆ లెక్క కావాలి. ఎండులో ఆట ఉంచుకుని ముందే అలైన్‌మెంట్ చేయించడం మాత్రం డబ్బు దండగ. మిషన్ చూపించిన అంకె షాపు గేటు దాటేలోపే మారిపోతుంది.

చివరగా ఒక కిటుకు, పెద్ద షాపుల్లోనూ హడావిడిలో వదిలేసేది. లోయర్ ఆర్మ్‌కి కొత్త బుష్ వేశాక దాని బోల్టుని, చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి దిగి నేలమీద నిలబడగానే ఆర్మ్ పైకి లేస్తుంది, లోపలి రబ్బరు మెలిక పడి అలాగే ఉండిపోతుంది. కొద్ది నెలలకే చిరుగుతుంది. బండిని దించి, ఒకటి రెండుసార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు పానా పట్టాలి. మీ బండికి బుష్షులు మారుస్తుంటే పక్కనే నిలబడి ఇదొక్కటి చూసుకోండి.