ఉంగరం ఉన్న చెయ్యి

1896 కొత్త సంవత్సరం రోజున విల్‌హెల్మ్ రాంట్‌జెన్ తన వ్యాసం ప్రతులూ, వాటితో కొన్ని ఎక్స్‌రే ఫొటోలూ తోటి శాస్త్రజ్ఞులకు పోస్టు చేశాడు. భార్య బెర్తా చేతి ఎముకలు, వేలికి ఉంగరం ఉన్న ఫొటో వాటిలోదే. వియన్నాలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసరుకు అందిన కవరు సంగతి పత్రికాఫీసుకు పాకి, జనవరి 5న వార్తయి కూర్చుంది. ఫార్వర్డులు వాట్సాప్‌తో పుట్టలేదన్నమాట.

ఆ చెయ్యి ఎవరిదో లోకానికి ఇప్పటికీ తెలుసు. బొమ్మతో పాటు మనిషీ తెలిసిపోవడం, ఎమర్జెన్సీ రేడియాలజిస్టుల తంటా అంతా అక్కడే. రాత్రి రెండు గంటలకు, చీకటి గదిలో, పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని గాయం సీటీ తెర మీద కనిపిస్తుంది. నలుగురికీ చూపిద్దామని చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. గొప్ప చెప్పుకోవాలన్న సరదా కాస్త లేకపోలేదు గానీ, అసలు కారణం అది కాదు. అరుదైన కేసులు ఒక డాక్టరుకు ఉద్యోగమంతా కలిపి ఒకటో రెండో తగులుతాయి. చూసినవాళ్లు చూపిస్తేనే మిగతావాళ్లు గుర్తుపట్టగలరు. మెల్‌బోర్న్ డాక్టరు ఫ్రాంక్ గైలార్డ్ 2005లో మొదలుపెట్టిన రేడియాలజీ కేసుల వెబ్‌సైట్ రేడియోపీడియా ఈ అవసరం మీదే పెరిగింది. 2020లో ఇటలీ రేడియాలజీ సంఘం కోవిడ్ రోగుల ఊపిరితిత్తుల స్కాన్లను ఇంటర్నెట్‌లో పెట్టింది. తమ ఊళ్లో తొలి కేసు రాకముందే ఆ స్కాన్లలోని మసక మచ్చలు ఎలా ఉంటాయో ఎందరో డాక్టర్లు చూసుకోగలిగారు.

పేరు చెరిపేస్తే చాలనుకుంటారు. చాలదు. పవర్‌పాయింట్‌లో బొమ్మ అంచులు క్రాప్ చేసినా, ఆ ముక్క ఫైలులోనే దాగి ఉండిపోవచ్చు. 2019లో మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది వాలంటీర్ల తల ఎంఆర్‌ఐల నుంచి ముఖాలు తయారుచేసి, ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారు. 70 మంది దొరికిపోయారు.

అదంతా ఒక ఎత్తు, "నిన్న రాత్రి డ్యూటీలో" అన్న మూడు మాటలు ఒక ఎత్తు. ఎమర్జెన్సీ కేసు చాలాసార్లు తెల్లారేసరికి జిల్లా పేజీలో వార్తవుతుంది. మూడో అంతస్తు నుంచి పడ్డ కూలీ ఛాతీలో ఇనుప ఊచ దిగిందని పేరూ ఊరూ సహా పత్రికలో వచ్చి, అదే ఊచ డాక్టరు ఖాతాలో సీటీ బొమ్మగా కనిపిస్తే, చెరిపిన పేరుకు అర్థమేముంది? కేసు ఎంత అరుదైతే అంతగా చదువుకు పనికొస్తుంది, అంత సులువుగా మనిషినీ పట్టిస్తుంది.

మన జాతీయ వైద్య కమిషన్ దీనికి మొరటు మందే రాసింది. 2023 ఆగస్టులో ప్రకటించిన నిబంధనల్లో, రోగుల ఫొటోలు, స్కాన్ బొమ్మలు సోషల్ మీడియాలో పెట్టడం మానుకోవాలంది. జనరిక్ మందుల మీద గొడవ రేగి, ఆ నెలలోనే నిబంధనలన్నిటినీ పక్కన పెట్టారు. అమలైనా అది మంచి ఉపాయం కాదు, పాఠం చెప్పే కేసు కూడా పోతుంది. కొన్ని నెలలు ఆగి, తేదీ, వయసు, ఊరు తీసేసి, రోగిని అడిగి పెట్టడం మేలు.

చిన్న ఆస్పత్రుల సంగతి వేరు. రేడియాలజిస్టు లేని చోట అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు సీటీ తెరను ఫోన్‌తో ఫొటో తీసి, "సార్, ఒకసారి చూస్తారా" అని వాట్సాప్ గ్రూపులో పెడతాడు. అలా ప్రాణాలు నిలబడతాయి కాబట్టి తప్పనడానికి నోరు రాదు. తెర మూలనున్న పేరూ వయసూ కూడా ఫొటోలో పడతాయన్నదే చిక్కు. గ్రూపులో ఉన్నవాళ్ల ఫోన్లలో అది పిల్లల పుట్టినరోజు ఫొటోల పక్కన చేరుతుంది. తీసేయాలన్న ఆలోచన నాలుగో రోజున వస్తే లాభం లేదు. పంపి రెండున్నర రోజులు దాటాక "అందరికీ డిలీట్" ఆప్షన్ పనిచేయదు.